ఒక్క మేకుకు నాలుగు టైర్లు మార్చాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. కారు కొని మూడేళ్లయింది, 24 వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తాం. రైస్ మిల్లుల వైపు వెళ్లినప్పుడు వెనక ఎడమ టైరులో మేకు దిగింది. పంచర్ షాపులో 150 రూపాయలకు స్ట్రిప్ (రంధ్రంలో దూర్చే రబ్బరు తాడు) వేశారు. అయినా వారానికి ఐదారు పాయింట్ల గాలి దిగుతోంది. టైర్ల షోరూంలో చూపిస్తే, బటన్ (టైరు గాడుల లోతు) 4.8 మిల్లీమీటర్లు ఉందిగానీ నాలుగూ మార్చేస్తే మంచిదన్నారు. ఒక్కోటి 5,600; బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కలిపి మొత్తం 23,500. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. రిపేరు చేయించుకోనా, మార్చేయనా? ఇన్సూరెన్స్‌లో ఏమైనా వస్తుందా?

జవాబు: నాలుగూ మార్చాల్సిన పని లేదు. ఆ ఒక్కటైనా మార్చాలా వద్దా అన్నది టైరును రిమ్ము నుంచి ఊడదీసి లోపల చూస్తేనే తేలుతుంది. ఆ పని ఇంతవరకు ఎవరూ చేయలేదు. స్ట్రిప్ బయటి నుంచే దూర్చారు, షోరూంలో బటన్ కొలిచి ధర చెప్పారు. లోపల చూసేదాకా ఆ టైరుతో నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కకండి. స్టెప్నీ బిగించుకోండి.

ముందు డబ్బు లెక్క. కారు టైరు కొత్తగా ఉన్నప్పుడు బటన్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. 1.6కి వచ్చిందంటే నిబంధనల ప్రకారం దాని పని అయిపోయినట్టే. గాడుల్లో అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మెలు ఆ ఎత్తుకే పెట్టి ఉంటాయి, వాటికి సమంగా అరిగితే టైరు గుండు అయినట్టు. అంటే మనం డబ్బిచ్చి కొనేది మధ్యలో ఉన్న 6.4 మిల్లీమీటర్ల రబ్బరు. మీకు ఇంకా 3.2 మిగిలింది, సరిగ్గా సగం. 5,600లో 2,800 రూపాయల టైరు ఇంకా మీ దగ్గరే ఉంది. నాలుగూ తీసేస్తే 11,200 రూపాయల రబ్బరు పాతసామాను కిందికి పోతుంది. ఇదే టైరు 2.4 దగ్గర ఉండుంటే మిగిలిన విలువ 700 రూపాయలే, అప్పుడు దాని మీద 500 పెట్టి రిపేరు చేయించమని నేనూ చెప్పను.

ఆ 5,600 ధర కూడా ఒకసారి అడిగి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత పన్నుతో 5,600 ఉన్న టైరు కొత్త పన్నుతో 5,160 చిల్లరకు రావాలి. బిల్లులో పన్ను విడిగా రాసిమ్మనండి.

ఇక టైరు. రంధ్రం బటన్ల మధ్య భాగంలో ఉండి, 6 మిల్లీమీటర్లు మించకపోతే రిపేరు చేయొచ్చు. అంచు వంపులోగానీ పక్క గోడలోగానీ ఉంటే చేయకూడదు. కారు కదులుతున్నంతసేపూ పక్క గోడ మడతపడి లేస్తూనే ఉంటుంది, అక్కడ ఏ ప్యాచ్ వేసినా నిలవదు. టైరు ఊడదీశాక చేత్తో లోపలి గోడ తడమండి. వేళ్లకు నల్లటి రబ్బరు పొడి అంటినా, గోడ చుట్టూ గీతలా ఒరుసుకుపోయి లోపలి దారాలు కనిపించినా, గాలి లేకుండా కొంతదూరం నడిచిందని అర్థం. ఇక 2,800 లెక్క మరిచిపోండి. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల ఎండలో, నలుగురు మనుషులతో, వంద స్పీడులో పగిలేది ఇలాంటి టైరే.

లోపల శుభ్రంగా ఉంటే మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగులా కాడ ఉండి, లోపలి నుంచి అతికించే ప్యాచ్) వేయించండి. చాలాచోట్ల 300 నుంచి 600 రూపాయల్లో అవుతుంది. స్ట్రిప్ కేవలం ఇంటికి చేరడానికి పనికొచ్చే సాధనం. అది రంధ్రాన్ని మూస్తుంది తప్ప లోపలి పొరను అతకదు. దాన్ని దూర్చడానికి ముందు గరుకు చువ్వతో తోడతారు, అడ్డదిడ్డంగా తోడితే రంధ్రం పెద్దదవుతుంది, లోపలి స్టీలు తీగలు తెగుతాయి. పక్కనుంచి నీళ్లు దిగితే ఆ తీగలు తుప్పు పడతాయి. మీకు గాలి దిగడానికి కారణం చాలావరకు ఈ స్ట్రిప్పే అయి ఉంటుంది. అయినా సబ్బునీళ్లు స్ట్రిప్ మీదే కాకుండా వాల్వు దగ్గర, రిమ్ము అంచున కూడా పోసి చూడమనండి. వాల్వు పాడైతే వంద రూపాయల పని. పొలాల దారిలో తిరిగే కారైతే సర్కారు తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది, బయటికి ఏమీ కనిపించదు, గాలి మాత్రం రోజూ కొంచెం కొంచెం తగ్గుతుంది.

పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడండి. పాత స్ట్రిప్ పీకేశాక రంధ్రం ఎంతుందో కొలవాలి. 6 మిల్లీమీటర్లు దాటితే అక్కడితో ఆపేయమనండి. సరిపోతే మేకు ఏ కోణంలో దిగిందో ఆ కోణంలోనే రంధ్రాన్ని శుభ్రం చేసి, లోపలి పొరను ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా గరుకు చేసి, పొడి మొత్తం తీసేయాలి. సొల్యూషన్ రాశాక తడి పోయి వేలికి జిగురుగా తగిలేదాకా ఆగాలి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. తడి మీద అతికిస్తే కింద బుడగలు ఉండిపోయి నెలరోజుల్లో ప్యాచ్ లేస్తుంది. కాడను లోపలి నుంచి బయటికి లాగి, ప్యాచ్‌ను మధ్య నుంచి అంచులకు రోలరుతో నొక్కి, బయటికొచ్చిన కాడను బటన్‌కు సమంగా కోస్తారు. తర్వాత బ్యాలెన్సింగ్ తప్పనిసరి.

లోపల దెబ్బతిని ఉంటే మాత్రం మార్చాల్సిందే. అప్పుడూ నాలుగు అక్కర్లేదు. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్తది, ఒకటి సగం అరిగింది ఉండకూడదు కాబట్టి జత కావాలి. ఇక్కడే మీ స్టెప్నీ చూడండి. అది మిగతా టైర్ల సైజే అయి, ఇంతవరకు వాడకుండా ఉంటే, అదే కంపెనీ అదే రకం టైరు ఒక్కటి కొని ఆ రెండింటినీ వెనక జతగా వేయండి. వెనక కుడివైపు నుంచి తీసిన టైరు స్టెప్నీ అవుతుంది. 11,200 ఖర్చు 5,600తో పోతుంది. అల్లాయ్ చక్రాల కార్లు చాలావాటిలో స్టెప్నీ చిన్న సైజు ఇస్తారు, అలాగైతే ఈ ఉపాయం కుదరదు, రెండు కొనాలి. కొత్త జత వెనకే ఉండాలి. వానలో వెనక చక్రాలు పట్టు తప్పితే కారు అడ్డం తిరుగుతుంది, స్టీరింగ్‌తో సరిచేయడం కష్టం. కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద డీఓటీ (DOT) అన్న అక్షరాల పక్కన చివరి నాలుగు అంకెలు చదవండి. 1225 అని ఉంటే 2025లో 12వ వారం తయారైనట్టు. ఆరు నెలలు దాటిన సరుకైతే వేరేది తెమ్మనండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు ప్యాకేజీ పాలసీలో ప్రమాదంలో బండి కూడా దెబ్బతింటేనే టైరుకు డబ్బొస్తుంది, అదీ కొత్త టైరు ధరలో సగం వరకే. ఒక్క పంచర్‌కు రాదు. టైర్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తీసుకున్నా, పంచర్ రిపేరును అందులో చాలావరకు మినహాయిస్తారు. పైగా మూడేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 35 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. ఆ ప్రీమియం 7,000 అనుకుంటే 2,450 రూపాయలు. టైరులో సగం కోసం దాన్ని వదులుకోవడం నష్టం.

ఈఎంఐ కూడా వద్దు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కార్డు బిల్లులో కనిపిస్తాయి, నగదుకు ఇచ్చే తగ్గింపు పోతుంది. మీరు ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరుగుతున్నారు, మిగిలిన బటన్ ఇంకో మూడేళ్లు వస్తుంది. అప్పటికి టైర్ల వయసు ఆరేళ్లు, బటన్ ఉన్నా లేకున్నా నాలుగూ మార్చే సమయం. అందుకని ఈ నెల నుంచే బ్యాంకులో నెలకు 700 రూపాయల ఆర్డీ 36 నెలలకు పెట్టండి. అసలే 25,200 అవుతుంది, వడ్డీ అదనం. చిట్టీ పాటలో దీన్ని కలపకండి, టైరు గుండు అయ్యే నెలలోనే మీకు పాట దక్కుతుందన్న హామీ లేదు.

ఆ మూడేళ్లూ బటన్ రావాలంటే పదిహేను రోజులకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు పక్కన రాసినంత గాలి ఉందో లేదో చూడండి. హైదరాబాద్ నుంచి రాగానే వేడి మీద రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తే తీయించకండి, తెల్లారేసరికి తక్కువైపోతుంది. స్టెప్నీలో కూడా అప్పుడే కొట్టించండి.