ఇంట్లో లేనిది గట్టు మీద ఏముంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక ఊరు. నాకు 58 ఏళ్లు. మా వారు ఉపాధ్యాయుడిగా పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. ఇక ఇంటిపట్టున ఉంటారు, నాకు కాస్త తోడుగా ఉంటుంది అనుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి ఏటిగట్టు మీదకు వెళ్లిన మనిషి ఎనిమిదిన్నర దాటితే గానీ రారు. ఈ మధ్య స్నేహితులతో కలిసి ఆదివారాలు కోరింగ మడ అడవులకు, ఒక్కోసారి మారేడుమిల్లి అడవిలో నడకకు కూడా వెళుతున్నారు. అత్తగారు పక్షవాతంతో మూడేళ్లుగా మంచంలో ఉన్నారు. ఆమె పనులన్నీ నావే. ఇంట్లో నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి అక్కడ గంటల తరబడి కబుర్లు చెబుతారట. ఆయన పంచెకు అంటుకున్న ఉత్తరేణి గింజలు ఏరుతుంటే ఏడుపు వస్తోంది. రాత్రిళ్లు నిద్ర లేదు. మా పుట్టిల్లు అంబాజీపేట దగ్గర. చిన్నప్పుడు కనుమ నాడు నాన్న వెంట చేలకు అడ్డంపడి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నడిచి వెళ్లేదాన్ని. సరదాగా నేను నడిచిన నడక అదొక్కటే. ఇంట్లో లేనిది ఆ గట్టు మీద ఏముంది? వేరే ఎవరైనా ఉన్నారా అన్న అనుమానం కూడా వస్తోంది.

– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి అనుమానం సంగతి చూద్దాం. పరస్త్రీ కోసం వెళ్లే మగవాడు పంచె నిండా ఉత్తరేణి గింజలతో, కాళ్లకు బురదతో ఇల్లు చేరడు. అయినా మనసులో ముల్లు మిగిలితే ఆయన ఫోను వెతకవద్దు, ఆయన స్నేహితుల భార్యలను ఆరా తీయవద్దు. నేరుగా ఆయననే అడగండి. మీరు రాసినంతలో నాకు అలాంటిదేమీ కనిపించలేదు. కనిపించింది వేరే ఉంది.

గట్టు మీద ఏముందని అడిగారు. మనది కొండలు లేని నేల. కోనసీమలో కాస్త ఎత్తు అంటే ఏటిగట్టే. ఇంటి వాకిట్లో నిలబడితే ఎదురింటి పెంకులు, కొబ్బరి మట్టలు తప్ప ఏమీ కనిపించవు. గట్టు ఎక్కితే ఒక పక్క వశిష్ఠ గోదావరి, అవతల లంకలు, ఇంకో పక్క మన ఊరే కాస్త కిందుగా, కాస్త చిన్నదిగా. తన ఇంటిని, తన బాధ్యతలను బయట నుంచి చూడగలిగే చోటు మనిషికి అది ఒక్కటే దొరుకుతుంది. పైగా అక్కడ ఎవరూ ఆయనను ఏదీ అడగరు. ఎదురైనవాళ్లు ‘నడకా మాస్టారూ’ అంటారు, ఆయన ‘ఆఁ’ అంటారు, అంతటితో సరి. బడి గంట ప్రకారం బతికిన మనిషికి రిటైరయ్యాక రోజంతా ఖాళీ. ఆ ఖాళీకి గట్టు ఒక ఆకారం ఇస్తోంది.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి ఒక వివరణ ఉంది. అమెరికాకు చెందిన రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు మన ధ్యాస రెండు రకాలని చెప్పారు. ఒకటి మనం బలవంతంగా నిలబెట్టేది: లెక్క చూడటం, మాత్రల వేళ గుర్తుపెట్టుకోవడం, పక్క గదిలో దగ్గు వినబడుతుందేమోనని నిద్రలోనూ చెవి ఒగ్గి ఉండటం. ఇది వాడేకొద్దీ అలిసిపోతుంది. రెండోది దానంతట అదే లాక్కుపోయేది: నీటి మీద వెలుగు, గట్టు కింద కొంగల బారు, గాలికి కదిలే మట్టలు. ఈ రెండోది పనిచేస్తున్నంతసేపూ మొదటిది సేద తీరుతుంది. అమెరికాలోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో కొందరిని 90 నిమిషాలు నడిపించి చూశారు. చెట్లూ గడ్డీ ఉన్న దారిలో నడిచినవాళ్లు, తమ గురించి చెడుగా తలుచుకున్నదే తలుచుకుని కుమిలిపోవడం తగ్గిందని చెప్పారు. వాహనాల రద్దీ రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. అంటే కాళ్లు ఆడించడం ఒక్కటే చాలదు, ఎక్కడ ఆడిస్తున్నామన్నది కూడా ముఖ్యమే.

ఇప్పుడు ఆ మొదటి రకం ధ్యాసను మీ ఇంట్లో మూడేళ్లుగా ఎవరు ఖర్చు పెడుతున్నారో చూడండి. ఆయన కాదు, మీరు. అలసిపోయింది మీరు, గట్టు ఎక్కుతున్నది ఆయన. మీ దుఃఖం ఆయన నడక వల్ల వచ్చిందని నేను అనుకోను. మీకు అలాంటి గంట ఒక్కటి కూడా లేకపోవడం వల్ల వచ్చింది. ఈ సంగతి మీకూ లోపల తెలుసు. లేకపోతే మొగుడి మీద ఫిర్యాదు రాస్తూ మధ్యలో ప్రభల తీర్థం ఎందుకు తలుచుకుంటారు?

ఆ తీర్థానికి మీరు నడిచినప్పుడు ‘ఎక్కడికి, ఎందుకు’ అని ఎవరూ అడగలేదు. ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లు, అక్కడ కలుసుకుంటారు, ప్రభలను భుజాల మీద మోస్తూ పచ్చని చేలు తొక్కుకుంటూ పోయినా, కౌశిక ఏటి నీళ్లలో దిగి దాటినా రైతులు ఏమీ అనరు. దేవుడి పని. మన వైపు నడక ఎప్పుడూ ఏదో ఒక పని చాటునే సాగింది. బస్సులు రాకముందు పడవను తాడుతో లాగుతూ కాలువగట్టు వెంట మనుషులు నడిచేవారు. చొల్లంగి అమావాస్య స్నానంతో మొదలుపెట్టి భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరేలా, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల మునుగుతూ సప్తసాగర యాత్ర చేసేవారు. ఇక ఆడవాళ్లకు రేవు ఉండేది. బిందె తీసుకుని వెళితే ఆ దారిలో నాలుగు మాటలు, కాస్త గాలి. ఇంటింటికీ కుళాయి వచ్చింది, మంచిదే, ఆ బిందెల బరువు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ బిందెతో పాటు ఆ గంట కూడా పోయింది. దాని స్థానంలో మగవాళ్లకు ‘మార్నింగ్ వాక్’ వచ్చింది, ఆడవాళ్లకు టీవీ వచ్చింది.

అందుకని ‘మీరు కూడా ఆయన వెంట వెళ్లండి’ అని చెప్పను. అందరూ ఇచ్చే సలహా అదే. వెళితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆయన వేగంగా పోతారు, మీరు వెనకబడతారు, అత్తగారు లేచారేమోనని సగం దారిలో తిరిగి వస్తారు. మీ గంట మీకు విడిగా కావాలి. వారంలో రెండు ఉదయాలు ఆయన ఇంట్లో ఉంటారు, మీరు గట్టు మీదకు వెళతారు. నేను కోరేది ఇంతే. ఇంగ్లండులో దాదాపు 20,000 మంది నుంచి సేకరించిన వివరాలతో 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్రకృతి మధ్య వారానికి కనీసం 120 నిమిషాలు గడిపేవారిలో ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని చెప్పినవారు ఎక్కువ. ఆ సమయం ఒక్కసారే గడిపినా, విడివిడిగా గడిపినా తేడా లేదు. రెండు ఉదయాలు, గంట చొప్పున. లెక్క సరిపోయింది.

‘ఆయనకు ఆ పనులు రావు’ అంటారు. మూడేళ్ల క్రితం మీకూ రావు. స్నానం, బట్టలు మార్చడం కొడుకు చేతుల మీదుగా జరగడం ఆమెకు ఇబ్బందిగా ఉండవచ్చు. అవి మీరు వచ్చాక చేసుకోండి, లేదా స్తోమత ఉంటే ఒక సహాయకురాలిని పెట్టుకోండి. మిగిలినవి ఆయన చేయగలరు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తల ఎత్తి కూర్చోబెట్టి ఇడ్లీ మెత్తగా చేసి తినిపించడం, మాత్రలు వేయడం. ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. పాఠాలు చెప్పిన మనిషి, కాగితం చూసి పని చేయడం ఆయనకు కొత్త కాదు. మొదటి వారం ఏదో తప్పు చేస్తారు. మీరు గట్టు మీది నుంచి ఫోను చేసి సరిదిద్దవద్దు.

ఆయనతో ఈ మాట ఎలా చెప్పాలన్నది కొంచెం ఆలోచించి చేయాల్సిన పని. ‘మీరు మాత్రం హాయిగా తిరుగుతున్నారు’ అని మొదలుపెడితే ఆయన తన నడకను కాపాడుకునే వాదనలోకి దిగుతారు, మీ నడక పక్కకు పోతుంది. ‘నాకూ వారానికి రెండు ఉదయాలు కావాలి, మంగళవారం, శుక్రవారం’ అనండి. రోజుల పేర్లతో సహా చెప్పండి. ‘చూద్దాంలే’ అనడానికి అప్పుడు చోటు తక్కువ.

ఆయన స్నేహితులతో మాట్లాడి మీతో మాట్లాడకపోవడం గురించి ఒక్క మాట. మన మగవాళ్లలో చాలామంది ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పరు. పక్కపక్కన నడుస్తూ, చూపు దారి మీద ఉంటే మాట్లాడతారు. మీ గంట మీకు దొరికి కొన్నాళ్లయ్యాక, అత్తగారిని చూసుకునే మనిషి ఎవరైనా దొరికిన సాయంత్రం, ఇద్దరూ కలిసి రేవు దాకా వెళ్లి చూడండి. ముందే కాదు. కోపం మనసులో ఉండగా కలిసి నడిస్తే గట్టు మీద కూడా ఇంటి తగవే నడుస్తుంది.

ఆదివారాల సంగతి వేరు. కోరింగ అంటే ఒక పూట, మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద తిరిగి సాయంత్రానికి వచ్చేస్తారు. మారేడుమిల్లి అంటే రోజంతా పోతుంది, ఒక్కోసారి రాత్రి కూడా. మంచంలో మనిషి ఉన్న ఇంటి నుంచి ఒక రోజంతా వెళ్లేటప్పుడు ‘వెళుతున్నాను’ అని చెబితే చాలదు, ‘వెళ్లనా’ అని అడగాలి. ఇందులో నేను పూర్తిగా మీ వైపే. ఆయన ఒక ఆదివారం తీసుకుంటే మీకు ఒక ఆదివారం బాకీ. ఆ రోజు మీరు అంబాజీపేటకే వెళతారో, అన్నవరమే వెళతారో, పడుకుని నిద్రే పోతారో, అది మీ ఇష్టం.

నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం మాత్రం నడకతోనే పోతాయని వదిలేయవద్దు. రెండు వారాలకు మించి అలాగే ఉంటే అమలాపురంలోనో, కాకినాడలోనో మానసిక వైద్యులకు చూపించుకోండి. ఇంటి నుంచి కదలడం కుదరకపోతే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఊళ్లో నాలుగు నోళ్లు లేస్తాయి. ‘మంచంలో ముసలావిడను పెట్టుకుని ఈవిడ షికార్లు’ అంటారు. మాస్టారు రోజూ నడుస్తుంటే ఆ మాట ఎవరూ అనలేదు, గమనించారా? కావాలంటే మొదటి నెల పొరుగింటావిడను తోడు తీసుకెళ్లండి. తెల్లవారి వెలుగు వచ్చాకే బయల్దేరండి. గట్టు గడ్డిలో, కొబ్బరి తోటల్లో రక్తపింజర భయం ఉంటుంది కనుక బాట మధ్యలో నడవండి, కాళ్లకు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో మాత్రం ఏటి పక్కకు మీరూ వద్దు, ఆయనా వద్దు.