గేర్‌బాక్స్ దించే ముందు క్లచ్ చూడు

తమ్ముడూ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్పోర్ట్స్ కారుకి బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేరు పడట్లేదనీ, రివర్స్ గరగరమంటోందనీ, ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ దించాలన్నారనీ రాశావు. ఆగు, తొందరపడకు.

ముందు ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడు. అప్పుడు తేలిగ్గా పడి, ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడే మొరాయిస్తే, క్లచ్ పూర్తిగా విడవట్లేదని అనుమానించాలి. పెడల్‌ని మూడు నాలుగుసార్లు గబగబా తొక్కి వెంటనే గేరు వెయ్యి. ఈసారి పడిందా? అయితే హైడ్రాలిక్ లైన్‌లో, అంటే పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి చేర్చే ఫ్లూయిడ్ గొట్టంలో గాలి చేరింది, లేదా పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండరో, అవతలి కొసన క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండరో లీకవుతోంది. పెడల్ పైన, కార్పెట్ కింద తడి ఉందేమో చేత్తో తడిమి చూడు. నేనైతే ఆ తడి చూడకుండా గేర్ ఆయిల్ రెండుసార్లు మార్పించి డబ్బు తగలేశాను! చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేక్‌కీ ఫ్లూయిడ్ డబ్బా ఒకటే, కాబట్టి లెవెల్ తగ్గుతుంటే ఆ బండి నడపొద్దు.

స్లేవ్ సిలిండర్ బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప) లోపల ఉండే మోడలైతే మాత్రం గేర్‌బాక్స్ దించక తప్పదు. ఎలాగూ దించుతారు కాబట్టి క్లచ్ ప్లేటు, క్లచ్‌ని నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్ కూడా చూపించు.

ఒక్క సెకండ్ గేరే, అదీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే గరగరమంటే కథ వేరు. అది సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) అరుగుదలో, ఆయిల్ తేడానో. మాన్యువల్‌లో గేర్ ఆయిల్ రకం జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 పోయనివ్వకు, కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి.

పెడల్ గబగబా తొక్కి చూసే టెస్టులో ఏం తేలిందో చెప్పు.