బ్లాక్ అండ్ వైట్‌లో విలన్ ముఖం చప్పగా రావడానికి కారణం తెల్ల గోడలు

ఇంట్లో ఫోన్‌తో సీన్ తీసి రంగు తీసేశాక విలన్, హీరోయిన్ ఇద్దరూ ఒకేలా బూడిదగా కనిపిస్తున్నారా? మీ కెమెరాలో లోపం లేదు, గదిలోని తెల్ల గోడల వల్లే ఇలా అవుతోంది. ఒక్క లైటే పెట్టినా, ఆ వెలుగు గోడకు తగిలి నీడవైపు చెంప మీదికి తిరిగొస్తోంది.

1. నీడవైపు, ఫ్రేమ్‌లోకి రాకుండా, ముఖానికి వీలైనంత దగ్గరగా నల్ల దుప్పటి కట్టండి. చాలామంది వదిలేసేది ఈ పనే. ఇంకో లైటు కొంటారు గానీ ఉన్న వెలుగును ఆపరు. మా ఇంట్లో దుప్పటి కట్టగానే ముక్కుకి అవతలి సగం చీకట్లో కలిసిపోయింది, కంట్లో చిన్న మెరుపు మాత్రం మిగిలింది. నాకు కావలసిన విలన్ అప్పుడు కనిపించాడు.

2. విలన్‌కి సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తగా పరిచే, తెల్ల గుడ్డ కప్పిన లైటు పెట్టె) వద్దు. చిన్న బల్బును పక్కనుంచి వేయండి.

3. వలపుతో ముంచే నాయికకు లైటు ఎదురుగా, ఎత్తులో పెట్టండి. ముక్కు కింద సీతాకోకచిలుక లాంటి చిన్న నీడ పడాలి. 1930లలో హాలీవుడ్ నటి మార్లీన్ డీట్రిచ్‌ను ఇలాగే చూపించేవారు.

4. కిటికీ బ్లైండ్స్ (అడ్డ పట్టీల తెర) నీడ గీతలు కావాలంటే బ్లైండ్స్ నటుడికి దగ్గరగా, బల్బు దూరంగా ఉండాలి. 'డబుల్ ఇండెమ్నిటీ' (1944) సినిమాలో ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ ఈ గీతలను కథానాయకుడి మీదే వేశాడు. అందుకే చీకటంతా విలన్‌కే ఇవ్వకండి.

5. ఎక్స్‌పోజర్‌ను (ఫోన్ ఎంత వెలుగు తీసుకోవాలన్న సెట్టింగ్‌ను) వెలుగు పడిన చెంపకి లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే ఫోన్ నీడను మళ్లీ తెల్లగా చేసేస్తుంది.