ఆ రేడియో పీకించకండి

తాతగారి ఫియట్‌లో ఒరిజినల్ రేడియో పలకడం లేదు, బాగుచేయించాలా, కొత్త స్టీరియో పెట్టించాలా అని అడిగారు. బాగుచేయించండి. వేరే ఆలోచనే పెట్టుకోకండి.

మాదీ ఫియటే, 1978 ప్రీమియర్ పద్మిని. నాన్నగారు పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. 2012లో బయటికి తీస్తే ఇంజను రెండు రోజుల్లో దారికొచ్చింది. రేడియో మాత్రం ఆన్ చేయగానే మోటారు పడవలా డబడబమని ఒకటే చప్పుడు. మెకానిక్ దాన్ని ముట్టుకోకుండానే "పీకేద్దాం సార్, డ్యాష్‌బోర్డు కాస్త కోస్తే యూఎస్‌బీది పట్టేస్తుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. పాడైన రేడియో బాగవుతుంది గానీ, కోసిన రేకు మళ్లీ వస్తుందా?

ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి విప్పాను. రేడియోకి కరెంటు వచ్చే సప్లై లైను మీదున్న పెద్ద కెపాసిటర్ (కరెంటుని కాస్త నిల్వ చేసి ఒకే తీరుగా అందించే చిన్న డబ్బా) ఉబ్బిపోయి, అడుగున గోధుమరంగు జిగురు కారి బోర్డుకి అంటుకుపోయింది. కెపాసిటర్ లోపల ఎండిపోతే సప్లై నిలకడగా ఉండదు, ఆ ఊగుడే డబడబమని వినిపిస్తుంది. పాత రేడియో ఏది మొరాయించినా ముందు కెపాసిటర్లే చూడండి. ట్రాన్సిస్టర్లు అంత తేలిగ్గా పోవు, నా మాట నమ్మండి.

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే ఒక్కటి ఇవ్వనన్నారు, పది తీసుకోవాలట. చిన్న రిపేర్లు చేసుకునేవాళ్లంటే ఎవరికీ లెక్కలేదు. మూడో షాపులో దొరికింది: 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టులు. బ్యాటరీ 12 వోల్టులే కదా అని 16ది వేయకండి. బండి నడుస్తుంటే 14 దాటుతుంది. ప్లస్ మైనస్ చూసుకుని అతకండి. స్పీకరు తగిలించకుండా మాత్రం ఆన్ చేయొద్దు.

చప్పుడు పోయింది, కానీ స్టేషన్లు గుసగుసల్లా వచ్చాయి. చూస్తే ఎవరో ఏరియల్‌కి టీవీ కేబుల్ ముక్క అతికించి ఉన్నారు. మీడియం వేవ్ కారు రేడియోకి అది పనికిరాదు, సిగ్నల్‌ని మింగేస్తుంది. కారు ఏరియల్ కేబులే వేయాలి. వేశాక, ముల్లుని 1400 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా వినిపించే స్టేషన్ మీద పెట్టి, ఏరియల్ సాకెట్ పక్కనున్న చిన్న స్క్రూని, శబ్దం బాగా పెరిగేదాకా మెల్లగా తిప్పాను.

తర్వాత, రేడియో ముందున్న స్టేషన్ బటన్లలో రెండోది నొక్కాను. ముల్లు టక్కున జరిగి 738 మీద ఆగింది, ఆకాశవాణి హైదరాబాద్. నాన్నగారు ఎప్పుడో పెట్టుకున్న స్టేషన్. మధ్యలో బ్యాటరీ ఎన్నిసార్లు పీకామో, అయినా చెరగలేదు. ఆ బటన్ల పనంతా లోపలి ఇనుప మీటలదే.

మీ రేడియోకీ అలాంటి బటన్లుంటే నొక్కి చూడండి, బయటికి మాత్రం లాగకండి. లాగి నొక్కితే మీ తాతగారు పెట్టుకున్న స్టేషన్ పోయి, ముల్లు అప్పుడెక్కడుంటే ఆ స్టేషనే ఆ బటన్‌కి కుదురుకుంటుంది. మెకానిక్‌కి ఇచ్చేముందు అతనికీ ఈ మాట చెప్పండి.