"మాకెందుకమ్మా, మీరెళ్ళి రండి"

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పాపకి 7 ఏళ్ళు, బాబుకి ఈ నవంబరులో 3 నిండుతాయి. మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి దగ్గర పల్లె నుంచి ఏప్రిల్ చివర్లో వచ్చారు. అక్టోబరులో వెళ్ళిపోతారు. జులైలో అందరం కలిసి ఫ్లోరిడాలోని ఓర్లాండోలో డిస్నీ వరల్డ్‌కి వెళ్దామని మావారి పట్టు. మా అందరికీ ఇదే మొదటిసారి. నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు, పొద్దున గేటు తీసిన దగ్గర్నుంచి రాత్రి బాణసంచా దాకా. ఎక్సెల్ షీట్‌లో పావుగంటకో గడి వేసి పెట్టారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. "మాకెందుకమ్మా, మీరెళ్ళి రండి" అంటున్నారు. వ్యవసాయం చేసిన మనిషి మామయ్యగారు, టికెట్ ధర రూపాయల్లో లెక్కేసుకుని ఇక మాట్లాడలేదు. కాస్త తగ్గిద్దామని నేనంటే "మా అమ్మానాన్నల్ని తీసుకెళ్ళడం నీకు ఇష్టం లేదు" అంటారు మావారు. మొన్న రాత్రి ఈ గొడవ అత్తయ్యగారి చెవిన పడినట్టుంది. మర్నాటి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ట్రిప్ మానేద్దామా?

జవాబు: మానెయ్యకండమ్మా. ఇప్పుడు మానేస్తే మీవారి మనసులో ఆ నింద మీ పేరు మీదే ఉండిపోతుంది. అత్తయ్యగారేమో తన కాళ్ళ వల్లే పిల్లల సరదా పోయిందని ఊరికి వెళ్ళాక కూడా బాధపడతారు. ట్రిప్ ఉండనివ్వండి, షీట్ మార్చండి.

దానికంటే ముందు అత్తయ్యగారితో మాట్లాడండి. రేపటికి వాయిదా వెయ్యకండి. పరాయి దేశంలో, కొడుకు ఇంట్లో, పక్క గదిలోంచి తమ గురించే గొడవ వినబడితే పెద్దవాళ్ళకి ఎంత చిన్నతనంగా ఉంటుందో ఊహించండి. అక్కడ లేచి వెళ్ళడానికి పక్కింటి అరుగు కూడా ఉండదు. వంటింట్లో ఇద్దరూ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటున్నప్పుడు, "అత్తయ్యా, మొన్న రాత్రి మా మాటలు మీకు వినబడ్డాయేమో. మీరు రావడం నాకు ఇష్టం లేక కాదు, మీ మోకాళ్ళు చూసి భయపడ్డాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మీవారి మీద ఫిర్యాదులా మాత్రం చెప్పకండి. కొడుకు మీద ఫిర్యాదు వింటే ఏ తల్లికైనా మనసు ముడుచుకుపోతుంది.

ఇక ఆ "మాకెందుకమ్మా" అన్న మాట. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అది చాలా అర్థాలతో అంటారు. మీకు బరువవుతామేమో అని అంటారు. నడవలేక నలుగురినీ ఆపేస్తామేమో అని అంటారు. డబ్బు తలుచుకుని అంటారు. నిజంగా ఇష్టం లేకా అంటారు. మీ అత్తయ్యగారిది ఇందులో ఏదో ఆవిడని అడిగితే తప్ప తెలియదు. "వస్తారా, రారా" అని అడిగితే మళ్ళీ అదే జవాబు వస్తుంది. "ఒక్క విడతలో ఎంతసేపు నడవగలరు? మధ్యాహ్నం పడుకోవాలా? పిల్లలతో కలిసి ఏం చూడాలనుంది?" అని అడగండి. ఆవిడ తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చుని దర్శనం చేసుకుని ఉండవచ్చు. అది ఆవిడ కోరుకున్న యాత్ర, దేని కోసం ఎదురుచూస్తున్నారో తెలుసు. ఇక్కడ ఏం చూడబోతున్నారో ఆవిడకి ఇప్పటిదాకా ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు. ఫోన్‌లో రెండు మూడు వీడియోలు చూపించండి.

మీవారి గురించి ఒక్క మాట. పావుగంటకో గడి వేసిన మనిషికి అమ్మానాన్నల మీద ప్రేమ లేక కాదు, ఉన్న ఆరు నెలల్లో అన్నీ చూపించేయాలన్న ఆరాటం. రాత్రి అలసిపోయినప్పుడు కాకుండా, శనివారం పొద్దున కాఫీ ఇచ్చి "ఇంత శ్రమపడి ప్లాన్ చేశారు, దీన్ని అత్తయ్యగారి కాళ్ళకి సరిపోయేట్టు ఇద్దరం కలిసి మారుద్దాం" అనండి. "తగ్గిద్దాం" అన్న మాట ఆయనకి "వద్దు" అని వినబడుతోంది. దాన్ని వాడకండి.

ఇక అసలు చోటు సంగతి. 1971లో మొదలైన ఈ డిస్నీ వరల్డ్ ఒక పార్కు కాదు, దాదాపు 100 చదరపు కిలోమీటర్ల స్థలం. నాలుగు పార్కులూ ఒకదానికొకటి దూరం, కారో బస్సో ఎక్కాలి. వాటిలో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కి సొంత కారులో వెళ్తే పార్కింగ్ దగ్గర దిగాక మోనోరైల్‌లోనో ఫెర్రీలోనో ఇంకా ముందుకెళితే గాని గేటు రాదు. అంటే మొదటి రైడ్ ఎక్కకముందే అత్తయ్యగారి మోకాళ్ళు సగం అలసిపోతాయి. షీట్‌లో ఈ ప్రయాణానికి గడి ఉందో లేదో చూడండి.

జులై వద్దు. న్యూజెర్సీలో స్కూళ్ళు ఎక్కువగా లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) తర్వాతే తెరుస్తారు, ఫ్లోరిడాలో ఆగస్టు రెండో వారంలోనే మొదలైపోతాయి. అందుకే ఆగస్టు చివరి పది రోజుల్లో జనం తగ్గుతారు, టికెట్లు కూడా మామూలుగా చవకే. ఎండ, ఉక్కపోత తగ్గవు. దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన పడుతుంది, మెరుపులుంటే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. తుపాన్ల కాలం కూడా అదే కాబట్టి రద్దు చేసుకునే వీలున్న హోటల్, ఫ్లైట్ చూసుకోండి. పెద్దవాళ్ళకి విజిటర్స్ ఇన్సూరెన్స్ ఆ తేదీలకి ఉందో లేదో చూడండి. మామయ్యగారికి నచ్చే కబురు ఒకటుంది: మూడేళ్ళు నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు, బాబు ఉచితం.

నాలుగు రోజుల్లో పార్కులు మూడు చాలు. రెండో రోజు పూర్తిగా హోటల్‌లోనే, పిల్లలు ఈత కొలనులో. మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్ళి, ఒంటిగంటకి గదికి తిరిగొచ్చి, ఓపిక ఉన్నవాళ్ళు మాత్రమే సాయంత్రం మళ్ళీ వెళ్ళడం. ఆరుగురూ ప్రతి క్షణం కలిసి ఉండాలన్న పట్టుదల వదిలేస్తే సగం టెన్షన్ పోతుంది. బాణసంచాకి మీవారు, పాప వెళ్ళనివ్వండి. మీరు బాబుతో, అత్తయ్యగారితో ఉండిపోండి.

వీల్‌చైర్ పార్కు గేటు దగ్గర అద్దెకి దొరుకుతుంది. నలుగురిలో అందులో కూర్చోవడానికి ఆవిడ సిగ్గుపడవచ్చు. కానీ మన పెద్దవాళ్ళలో చాలామంది అమెరికా వచ్చేటప్పుడు మధ్యలో విమానం మారడానికి వీల్‌చైర్ సాయం తీసుకునే వస్తారు. ఆవిడా అలాగే వచ్చి ఉంటే అది గుర్తు చేయండి. పాప చేత తోయించండి. మనవరాలు తోస్తుంటే కాదనరు.

మామయ్యగారిని ఎప్‌కాట్ అనే పార్కులో లివింగ్ విత్ ద ల్యాండ్ అనే రైడ్‌కి తీసుకెళ్ళండి. పావుగంట పడవ ప్రయాణం, చల్లని నీడ. పడవ గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి మెల్లగా వెళ్తుంది. మట్టే లేకుండా వేళ్ళు గాల్లో వేలాడుతూ పెరిగే కూరగాయల మొక్కలు, టమాటాలు, వంగ, తొట్లలో పెంచే చేపలు చూడవచ్చు. పండిన కాయల్ని అక్కడి రెస్టారెంట్లలోనే వాడతారు. పొలం చేసిన మనిషి దాన్ని చూస్తూ ఎన్ని ప్రశ్నలడుగుతారో! ఆ షీట్‌లో ఆయన కోసం ఈ ఒక్క గడి ఉన్నా చాలు.

తిండి గురించి భయం వద్దు. వేడి చేయనక్కర్లేని ఇంటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరవు. పులిహోర ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. చల్లని నీళ్ళ గ్లాసు ఫుడ్ కౌంటర్లలో అడిగితే ఉచితంగా ఇస్తారు. ఒక పూట యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్‌లో సనా అనే రెస్టారెంట్‌కి వెళ్ళండి. నాన్ లాంటి రొట్టెలు, రకరకాల పచ్చళ్ళు ఇస్తారు, కిటికీలోంచి జిరాఫీలు కనబడతాయి. దానికి పార్కు టికెట్ అక్కర్లేదు. బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు.

డబ్బు సంగతి మీరిద్దరూ ఒక అంకె అనుకుని కాగితం మీద రాయండి. అది దాటితే లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి క్యూ తగ్గించుకునే దారి) లాంటి అదనాల్ని కొట్టేయండి, కార్డు మీదకి నెట్టకండి. మామయ్యగారు అడిగితే నిజం చెప్పండి. పిల్లలకి ఐస్‌క్రీమ్ తాను కొంటానంటే కొననివ్వండి, "వద్దు నాన్నా" అని మీవారు అడ్డుపడకుండా చూడండి.

ఈ ఆదివారం పాపని బూట్లు వేసి గోడకి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. ట్రాన్ రైడ్‌కి 48 అంగుళాలు ఉండాలి, స్పేస్ మౌంటెన్‌కి 44. గేటు దగ్గర కొలిచి వెనక్కి పంపితే పిల్ల ఏడుస్తుంది. బాబు ఎక్కలేని వాటికి రైడర్ స్విచ్ అడగండి. ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవారు బాబు దగ్గర ఉండి, తర్వాత మొత్తం క్యూలో మళ్ళీ నిలబడకుండా ఎక్కవచ్చు. పాప పక్కనే అత్తయ్యగారిని కూడా గోడకి నిలబెట్టి గీత గీయండి. పాప తప్పకుండా అడుగుతుంది, "నానమ్మా, నువ్వు ఏ రైడ్ ఎక్కుతావు?" అని. ఆవిడ ఏం చెబుతారో వినండి. ఆ జవాబునే షీట్‌లో మొదటి గడిలో రాయించండి.