పులికాట్‌కి వెళ్తే రాజహంసలు కనిపిస్తాయా?

ప్రశ్న: జనవరిలో చెన్నై పెళ్లికి వెళ్తూ దారిలో ఒకరోజు సూళ్లూరుపేటలో దిగి, మా అబ్బాయికి ఫ్లెమింగోలు చూపిద్దామనుకుంటున్నాం. సాధారణ బైనాక్యులర్ ఉంది, సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరిపోతుందండీ, పెద్ద కెమెరా లేదని టెన్షన్ పడకండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది, తెల్లవారగానే ఆటో మాట్లాడుకుని వెళ్లి ఉత్తరం వైపు చూడండి, చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి అటువైపు పక్షుల రంగు బాగా తెలుస్తుంది. మొదట మీకు తెల్లటి చుక్కలే కనిపిస్తాయి, అయ్యో ఇంతేనా అనిపిస్తుంది. కాస్త ఆగండి. గుంపు లేచిందంటే రెక్కల్లో దాచుకున్న గులాబీ రంగు, అంచున నలుపు ఒక్కసారి విచ్చుకుంటాయి, మీవాడు అరిచినా అరుస్తాడు! తింటున్నప్పుడు ముక్కు చూడమనండి, తల తలకిందులుగా నీళ్లలో పెట్టి బురదలోని చిన్న జీవుల్ని వడగట్టుకుంటాయి. బూడిద రంగువి కనిపిస్తే వేరే జాతి అనుకునేరు, అవి పిల్లలు.

ఫొటో కోసం బురదలోకి దిగొద్దు, అవి ఎగిరిపోతాయి, మీ చెప్పులు అక్కడే ఉండిపోతాయి. శ్రీహరికోట లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరు.

నా మాట వింటే మధ్యాహ్నం నేలపట్టు పక్షుల అభయారణ్యం కూడా చూడండి, దొరవారిసత్రం దగ్గరే. అక్కడ చెరువులోని చెట్లమీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, గూట్లో పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేప లాక్కోవడం బైనాక్యులర్లో స్పష్టంగా కనిపిస్తుంది. వాసన మాత్రం ఘాటే, అమ్మమ్మగారు వస్తుంటే ముందే చెప్పండి.