స్కార్‌ఫేస్‌ని ఎక్కడి నుంచి వినాలి?

ప్రశ్న: హ్యూస్టన్ ర్యాపర్ స్కార్‌ఫేస్ పాటలు ఈమధ్యే వినడం మొదలుపెట్టాను. అందరూ 'ది ఫిక్స్' వినమంటున్నారు. అదే ఆయన బెస్ట్ ఆల్బమా?

జవాబు: మంచి ఆల్బమే, కాదనను. 2002లో వచ్చింది, ది సోర్స్ అనే హిప్‌హాప్ పత్రిక దానికి ఐదుకు ఐదు మైకులూ (వాళ్ల రేటింగ్‌లో స్టార్ల బదులు మైకులుంటాయి) ఇచ్చింది. 'ఆన్ మై బ్లాక్'లో ఆ పియానో మొదలవగానే ఆయన పెరిగిన వీధి కళ్లముందుకొస్తుంది. కానీ నన్నడిగితే మాత్రం 1994 నాటి 'ది డైరీ'తో మొదలుపెట్టండి. అందులో 'ఐ సీన్ ఎ మ్యాన్ డై' అనే పాట ఉంది, ఏడేళ్లు జైల్లో ఉండి బయటికొచ్చిన కుర్రాడు చేతులు చాచి తండ్రిని పలకరిస్తాడు, ఇక బాగుపడతాడులే అనుకుంటాం, కాసేపటికే వాడి ఊపిరి వినిపిస్తూ ఉంటుంది గానీ గుండె చప్పుడు సన్నబడిపోతుంది. స్కార్‌ఫేస్ గొంతు ఎక్కడా పెంచడు, చావుబతుకుల్లో ఉన్నవాడి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది, అందుకే ఎన్నిసార్లు విన్నా నాకు గొంతు పట్టేస్తుంది. బీట్ కూడా అంతే, తొందరే లేదు. అప్పట్లో ర్యాప్ అంటే న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ అనే మాట్లాడుకునేవాళ్లు, ఈయనేమో టెక్సస్ యాస వదలకుండానే ఇంత పని చేశాడు.

1991 నాటి మొదటి సోలో 'మిస్టర్ స్కార్‌ఫేస్ ఈజ్ బ్యాక్'లో కోపం పాలు ఎక్కువ, అది తర్వాత వినండి. 2015లో వచ్చిన 'డీప్లీ రూటెడ్'ని మాత్రం వదలొద్దు, వయసు పెరిగినా గొంతులో బరువు తగ్గలేదు, దాన్ని జనం పట్టించుకోవాల్సినంతగా పట్టించుకోలేదని నాకు ఇప్పటికీ బాధే.